అర్థమయ్యేదాకా చెప్పడమూ దానమే



రోగిని పరామర్శించడం ఒక ముస్లింపై మరో ముస్లింకు గల హక్కు. పండ్లు పట్టుకెళతాం, దుఆ చేస్తాం, తిరిగొస్తాం. అయితే ఆ రోగికి వినికిడి లేకపోతే? మన మాటలన్నీ మంచం పక్కనున్న కొడుకుతోనే సాగుతాయి. రోగి మన పెదవులవైపు చూస్తూ ఉండిపోతాడు.

హజ్రత్ అబూ జర్ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు ముస్నద్ అహ్మద్‌లో ఉంది. ధనం లేనివారు సైతం చేయగల దానాలను (సదఖా) వివరిస్తూ దైవప్రవక్త (స) అంధునికి దారి చూపడాన్నీ, చెవిటి, మూగవారికి అర్థమయ్యేదాకా వినిపించడాన్నీ వాటిలో చేర్చారు. గమనించండి, చెప్పేసినంత మాత్రాన ఆ దానం పూర్తి కాదు. ఎదుటివారికి అర్థం కావాలి.

మక్కాలో దైవప్రవక్త (స) ఖురైష్ పెద్దలతో మాట్లాడుతుండగా అంధుడైన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) ఏదో తెలుసుకోవాలని వచ్చారు. ప్రవక్త (స) భృకుటి ముడిచి ముఖం తిప్పుకున్నారు. ఆ ముడి అంధునికి కనిపించనే లేదు. అయినా అల్లాహ్ హెచ్చరిక ‘అబస’ సూరాగా అవతరించింది. తర్వాతి కాలంలో మదీనాలో ఫజ్ర్ అజాన్ బాధ్యత ఆయనకే దక్కింది. తెల్లవారిందని జనం చెబితే ఆయన అజాన్ ఇచ్చేవారు. చూపులేని లోటును చెప్పేవారి నోరు తీర్చింది.

మన నారాయణఖేడ్ కర్ణాటక, మహారాష్ట్ర సరిహద్దులకు దగ్గర. ఇక్కడ భాష తెలియని మనిషితోనైనా సైగలతో బేరం కుదుర్చుకుంటాం. అదే ఇంట్లో చెవుడున్న దాదీ దగ్గరికి వచ్చేసరికి “ఆమెకు ఏం చెప్పినా ఒకటే” అనేస్తాం! డాక్టరు చెప్పిన మాత్రల సంగతికి ఆమె తలూపుతుంది. తలూపితే అర్థమైనట్టు కాదు. మళ్ళీ అడిగితే విసుక్కుంటారన్న భయం కూడా కావచ్చు. ఉదయం మాత్ర రెండుసార్లు మింగితే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి “ఏది ఎప్పుడు వేసుకుంటావో చూపించు దాదీ” అని అడగండి. ఎదురుగా, వెలుతురులో కూర్చుని, మాస్కు తీసి, నిదానంగా మాట్లాడండి. అరిస్తే మాట ఇంకా చెదిరిపోతుంది. దైవప్రవక్త (స) బాగా అర్థం కావాలని ఒక మాటను మూడుసార్లు చెప్పేవారని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు.

చూపులేని రోగిని తాకేముందు మీరెవరో, ఏం చేయబోతున్నారో చెప్పండి. రాత్రి మాత్రల డబ్బాకు దారంతో ముడి వేయండి, వేళ్ళకు తెలుస్తుంది. పక్షవాతంతో మాట పడిపోయినవారికి చాలాసార్లు ఎదుటివారి మాట అర్థమవుతూనే ఉంటుంది. అవును, కాదు అని తల ఊపగలిగే ప్రశ్నలు అడిగి, ఓపికగా ఆగండి. వారి ముందే వారి అంత్యక్రియల ముచ్చట్లు పెట్టేవారిని ఏమనాలి?

మూగవారి స్పష్టమైన సైగను నికాహ్‌లోనూ, కొనుగోలు అమ్మకాల్లోనూ మాటగానే ధర్మవేత్తలు పరిగణించారు. మరి ఆపరేషన్ విషయంలో ఆ సైగను పక్కనపెట్టే హక్కు బంధువులకు ఎక్కడిది?

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఆసుపత్రిలో వారికి వైద్యంలో ప్రాధాన్యం ఇవ్వాలి. వరుసలో నిలబడి వెనక్కి నెట్టించుకోనవసరం లేదు, అడగండి. వినికిడి సమస్యల కోసం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. పిల్లవాడు పిలిస్తే పలకడం లేదంటే మొండివాడని కొట్టకుండా ముందు చెవులు పరీక్ష చేయించండి.