పిలుపును గ్రహించవలసినది ఎవరు?



1 సమూయేలు 3వ అధ్యాయము చదివినప్పుడెల్లా మనము బాలుడైన సమూయేలునే చూస్తాము. ఈసారి ఏలీని చూద్దాము. కన్నులు మసకబారిన వృద్ధుడు. బాలుడు రాత్రివేళ పరుగెత్తుకొని వస్తే, తాను పిలవలేదని చెప్పి రెండుసార్లు పడకకు తిరిగి పంపివేశాడు. మూడవసారి గాని ఆ స్వరము ఎవరిదో గ్రహించలేదు. పిలుపు బాలునిదే, గాని అది పిలుపు అని చెప్పవలసినవాడు పెద్దవాడు.

గత సంవత్సరము మా సంఘములో ఐ.టి.ఐ. చదివిన ఒక యౌవనస్థుడు ఆరాధన ముగిసిన తరువాత మా యొద్దకు వచ్చి, సువార్త సేవకు వెళ్లాలని ఉందన్నాడు. మేమేమన్నాము? "ముందు ఉద్యోగము చూసుకో నాయనా, సేవ ఎక్కడికి పోతుంది" అన్నాము. అతడు మరల అడగలేదు. సమూయేలైనా మూడుసార్లు వచ్చాడు!

క్లౌ దొరగారి పేరు వినని ఇల్లు మనలో తక్కువ. ఆయన యౌవనమును గూర్చి మాత్రము అంతగా చెప్పుకోము. అమెరికాలో మిన్నెసోటా అడవులలో సర్వే పార్టీతో తిరిగి భూములు కొలిచాడు. ప్లీడరు కావాలని బర్లింగ్టన్‌లో చదువుకు చేరాడు. ఒకే గదిలో ఉన్న తోటి విద్యార్థి ప్రార్థనాపరుడు. అది తనకు గిట్టక, గది మధ్యగా సుద్దతో గీత గీసి, ప్రార్థనలన్నీ ఆ ప్రక్కనే చేసుకోమన్నాడట. ప్రభువు ఆ గీతను లెక్కచేయలేదు. ఆ యువకుడే 1865లో నెల్లూరు చేరి, 1866లో ఒంగోలుకు వచ్చాడు.

మరి నేర్చిన సర్వే పని వృథా అయిందా? 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడు మైళ్ళ త్రవ్వకము కాంట్రాక్టు తీసుకొని, ఆకలిగొన్న వేలమందికి కూలి దొరికేటట్లు చేసినది ఆ కొలతలు ఎరిగిన చేతులే. కూటికొరకు మతములో కలిశారనే మాట రాకూడదని కరువు పని సాగినంతకాలము బాప్తిస్మములు ఆపించాడు. తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఇచ్చినవారు మన తెలుగు బోధకులే.

మన పిల్లలు కన్నడ, తమిళ, ఒరియా, మరాఠీ బడులలో చదివారు. తెలుగు బైబిలును కూడబలుక్కొని చదువుతున్నారని మనకు బాధ. బాధ న్యాయమైనదే, ఇంటిలో తెలుగు నేర్పుట మానకూడదు. అయితే దొరగారు సముద్రము దాటివచ్చి కష్టపడి మన భాష నేర్చుకొనవలసి వచ్చింది. మన పిల్లలకు పొరుగువాని భాష వీధిలో ఆడుకుంటూనే వచ్చింది. అది వారి చేతిలోని కొలగొలుసు కాదా?

పిలుపు అన్న ప్రతివానిని రేపే పంపమని మేము చెప్పుట లేదు. ఊరు విడిచిపోవాలనే సరదాను పిలుపు అనుకొనేవారూ ఉంటారు. ఆదివారపు బడి అప్పగించండి, ఆసుపత్రి దర్శనమునకు వెంట తీసుకుపొండి, ఒక సంవత్సరము గమనించండి. గాని పడకకు తిరిగి పంపివేయకండి.

ఆ యౌవనస్థుడు ఇప్పుడు ఒక వర్కుషాపులో రాత్రి షిఫ్టు చేస్తున్నాడు. వచ్చే ఆదివారము సాయంకాలము డీకనులిద్దరితో కలిసి వారింటికి వెళ్లుచున్నాము. తల్లి ఒప్పుకుంటుందో లేదో తెలియదు. ఆ ఇంటికి అతని జీతమే ఆధారము. ఈసారి అడగవలసినవారము మేమే. ప్రార్థనలో జ్ఞాపకము చేసుకొనండి.