తప్పెటగుళ్లు

శ్రీమద్భాగవతము ఏకాదశ స్కంధమున శ్రీకృష్ణుడు ఉద్ధవునకు తన అర్చావిధానమును ఉపదేశించుచు, తన చరితములను పాడుట, ఆడుట, అభినయించుట సైతము పూజలో భాగమేనని సెలవిచ్చెను. ఈ మాటను చదివి విడిచిపెట్టువారు పెక్కుమంది. చదువకయే ఆచరించువారు శ్రీకాకుళ, విజయనగర మండలముల పల్లెలలో కలరు. వారి ఆట పేరు తప్పెటగుళ్లు.

ఇది గొల్లల ఆట. పసులను, గొఱ్ఱెలను కాచుకొని బ్రదికిన యాదవులు తమ కులమున పెరిగిన స్వామిని తలచుకొని ఆడుకొను ఆట. రేకుతో చేసిన గుండ్రని తప్పెటను ఱొమ్మున కట్టుకొందురు. కాళ్లకు గజ్జెలు, నడుమునకు మువ్వలు. 15 నుండి 20 మంది వలయముగా తిరుగుచు, రెండు చేతులతో తప్పెటను వాయించుచు అడుగులు వేయుదురు. ఒకడు పాట నెత్తుకొనును, తక్కినవారందరు అందుకొందురు. ప్రక్కన వేరుగా కూర్చుండి వాయించువాడు లేడు. పాడువాడే వాయించును, వాయించువాడే ఆడును. మృదంగమును ఒడిలో పెట్టుకొని వాయించుట మనకు తెలియును. ఇక్కడ ప్రతి దెబ్బయు గుండెమీదనే పడును!

బాలకృష్ణుని వెన్నదొంగతనమును పాడునప్పుడు ఒకరి భుజములపై ఒకరు నిలిచి ఉట్టి యెత్తునకు లేతురు. చూచువారి కన్నులన్నియు పైవానిమీదనే. భారమునంతయు మోయుచు అడుగున నిలిచినవాని ముఖము ఎవరికిని పట్టదు. అతని భుజము కదలినచో కృష్ణునికి వెన్న దొరకదు. కైంకర్యమనగా నేమో పెద్దలు గ్రంథములలో విస్తరించి చెప్పిరి; ఇతడు నిలిచి చూపుచున్నాడు.

విజయదశమి తరువాతి మంగళవారమున విజయనగరమున పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవము జరుగును. ఆ పండుగకు వచ్చు జానపద బృందములలో తప్పెటగుళ్లవారును ఉందురు. అమ్మవారి సంబరమున కృష్ణగాథ యేలయని వైష్ణవ గృహస్థునకు సందేహము కలుగవచ్చును. దేవకీగర్భమున తాను అవతరింపనున్న తఱి భగవానుడు యోగమాయను యశోదకు జన్మింపుమని ఆజ్ఞాపించి, జనులు నిన్ను దుర్గయని, వైష్ణవియని పలు నామములతో కొలుతురని వరమిచ్చినట్లు దశమస్కంధము చెప్పుచున్నది. ఆమె కృష్ణునకు చెల్లెలు. చెల్లెలి ముంగిట అన్న కథను పాడుటలో వింత యేమున్నది? గొల్లలు ఈ ప్రమాణమును చూపరు. వారి నడుగువారును లేరు.

విచారింపవలసినది వేరొకటి కలదు. ఈ పాట తాటాకులనుండి వచ్చినది కాదు. పెద్దవాని నోట పలికి చిన్నవాని చెవిని చేరవలెను. ఉత్తరాంధ్ర పల్లెలనుండి కుఱ్ఱవారు కూలికై దూరనగరములకు తరలిపోవుట అందరెఱిగినదే. పోయినవాని చెవికి పాట అందదు. ఇక పండుగకు వచ్చిన యాత్రికులు ఒక నిమిషము నిలిచి, వేడుక చూచి, నాణెము వేసి సాగిపోవుదురు. హరికథ మధ్యలో లేచిపోవుటకు సంకోచించు మనము ఇక్కడ సంకోచింపము. గజ్జె కట్టినవాడు పాడుచున్నదియు హరికథయే కదా!

పండుగకు ఊరు చేరిన కుఱ్ఱవాడు వలయపు చివర నిలుచును. మొదట దెబ్బ తప్పును. ప్రక్కనున్న పెద్దవాని చేతులను చూచుచు మెల్లగా కలుపుకొనును. పాట ఆగదు.