ఆమెని అడిగిందెవరు?

అమృతా ప్రీతమ్ గురించి మాట్లాడుకున్నప్పుడల్లా మనం సాహిర్ దగ్గర మొదలుపెట్టి ఇమ్రోజ్ దగ్గర ఆగిపోతాం. సాహిత్య అకాడమీ అవార్డు (1956) పొందిన మొదటి స్త్రీ, జ్ఞానపీఠ్ (1981) గ్రహీత అన్నవి పరిచయ వాక్యాలుగా మిగిలిపోతాయి. నన్ను మాత్రం వదలకుండా పట్టుకున్నది ఆమె నవల 'పింజర్' (1950)లోని పూరో.

రెండు కుటుంబాల పాత కక్షలో రషీద్ ఆమెని ఎత్తుకుపోతాడు. తప్పించుకుని పుట్టింటికి వస్తే కన్నవాళ్ళే వద్దంటారు. పూరో హమీదా అవుతుంది, తల్లి అవుతుంది. దేశ విభజన అల్లర్లలో సోదరుడి భార్య లాజోని కాపాడి సరిహద్దు దాటిస్తున్నప్పుడు, తానూ వెళ్ళిపోయే అవకాశం వస్తుంది. పూరో వెళ్ళదు.

ఎత్తుకుపోయినవాడి దగ్గరే ఉండిపోవడాన్ని స్వేచ్ఛ అనగలమా? అనలేను. ఆమె ముందున్న దారులన్నీ మగవాళ్ళు మూసినవే. అలాగని, ఆ నిర్ణయం ఆమెది కాదని కొట్టిపారేయగలమా? సరిగ్గా ఆ పనే ప్రభుత్వం చేసింది.

అపహరణకి గురైనవారిని వెనక్కి అప్పగించడానికి మన దేశం 1949లో ఒక చట్టం చేసింది. అందులో మగపిల్లలకి పదహారేళ్ళ వయోపరిమితి ఉంది. స్త్రీలకి ఏ పరిమితీ లేదు. అరవయ్యేళ్ళ స్త్రీ కూడా ఎవరో ఒకరు అప్పగించవలసిన మనిషే. ఆమె సమ్మతి ఆ చట్టానికి అవసరం లేదు. చెర నుంచి నిజంగా బయటపడాలనుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారు, వాళ్ళకి ఆ సాయం ప్రాణం. కానీ వద్దన్నవాళ్ళనీ తరలించారు. ఎత్తుకుపోయినవాడూ అడగలేదు, విడిపించినవాడూ అడగలేదు.

అమృత స్వయంగా లాహోరు వదిలి వచ్చిన శరణార్థి. ఢిల్లీ రేడియోలో ఉద్యోగం చేసి, 1960లో భర్త నుంచి విడిపోయి, ఇమ్రోజ్‌తో పెళ్ళి లేకుండానే 2005లో చనిపోయేదాకా కలిసి జీవించింది. చేతిలో సంపాదన, కలం ఉన్న ఆమెకి దొరికిన దారి పూరోకి లేదు. ఆ తేడాని రచయిత్రి దాచలేదు. పూరోకి లేని స్వేచ్ఛని అరువిచ్చి ఆమెని వీరనారిని చేయలేదు. ఉన్న కాస్త చోటులోనే నిర్ణయం ఆమె నోట పలికించింది.

2017లో కేరళ హైకోర్టు 24 ఏళ్ళ స్త్రీ పెళ్ళిని రద్దు చేసి ఆమెని తల్లిదండ్రులకి అప్పగించింది. 2018లో సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. ఆ మధ్య నెలలు ఆమెకి ఎవరు తిరిగిస్తారు?

పూరో నిర్ణయం సరైనదో కాదో నేను తేల్చలేను. తేల్చే హక్కు నాకుందని అనుకోవడం దగ్గరే అసలు చిక్కు మొదలవుతుంది. ఆమె ఎంపిక మనకి నచ్చకపోయినా, ముందు ఆమెని అడగాలి. అడిగాక, వినాలి.