ప్రాణమునకు పొలిమేర గలదా?

దేశాచారములు సీమకొక తీరున నుండుట లోకసహజము. ఒకచోట దోషమని తలచునది వేరొకచోట మర్యాదయై యుండును. కట్టుబట్టలు, కొలతలు, నాణెములు, పన్నులు పొలిమేర దాటినంతనే మారును. మారినందున ధర్మమునకు లోపము కలుగదు. కాని పొలిమేర దాటినను మారగూడనివి యేవియైన గలవా? గలవన్నచో, వానిలో మొదట లెక్కింపదగినది మనుష్యప్రాణముయొక్క విలువయని యెల్లవారు నొప్పుకొందురు. ఒప్పుకొనుట సులభము, ఒప్పుకొన్నదాని ననుసరించుట కష్టము. ఈ కష్టమును చూచుటకు శాస్త్రగ్రంథములు తెరువ నక్కరలేదు. మన వీధిలో నిలిచియున్న మోటారుకారే చాలును. ఒక దేశమున తయారైన కారు వేరొక దేశమునకు పోవునప్పుడు దాని భద్రతను గూర్చిన నియమములు మారుచున్నవి. ఈ మార్పులలో ధర్మమునకు లోబడిన దేది, లోబడని దేది యను ప్రశ్నమును చదువరులతో గలిసి విచారింప దలచినాము.

మొదట మన కతిసమీపమున నున్న పొలిమేరనే చూతము. విస్సన్నపేట ఎన్.టి.ఆర్. జిల్లాలో, తిరువూరు ప్రాంతమున నున్న మండలకేంద్రము. ఈ ప్రాంతము ఖమ్మం జిల్లాకు దగ్గరది. 2014వ సంవత్సరము జూన్ 2వ తేదీకి పూర్వము ఈ రెండుప్రక్కలను ఒకే రాష్ట్రముండెను. నాడు తెలంగాణ రాష్ట్ర మేర్పడుటతో నడుమ రాష్ట్రపు టెల్ల నిలిచినది. పెండ్లిసంబంధములు, పొలములు, బేరములు మాత్రము ఎల్లకు లోబడక మునుపటివలెనే సాగుచున్నవి. ఆప్రక్క కొన్న కారు నీప్రక్కకు తెచ్చి యుంచుకొనదలచిన గృహస్థు తొలుత రిజిస్టరు చేసిన కార్యాలయమునుండి అభ్యంతరము లేదను పత్రమును తేవలెను. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ప్రకారము, పండ్రెండు మాసములకు మించి వేరొక రాష్ట్రమున నుంచిన బండికి ఆ రాష్ట్రపు క్రొత్త నంబరు తీసికొనవలెను. జీవితకాలపు పన్ను లెక్కయు మరల తేల్చుకొనవలెను. కార్యాలయముల చుట్టు తిరుగుటకు విసిగి జను లీ నియమములను తిట్టుకొనుట మేము వినని సంగతి కాదు. అయినను ఒక్క విషయము గమనింపదగియున్నది. ఈ యెల్ల దాటినప్పుడు మారునది నంబరు పలకయు, పన్ను చేరు బొక్కసమును మాత్రమే. బ్రేకు మారదు, సీటు బెల్టు మారదు, బండి యెంత దృఢముగా నుండవలెనను శాసనము మారదు. ఏలయన భద్రతను గూర్చిన నియమములు దేశమంతటికిని ఒక్కటియే. కావున నిది ధనమునకు పొలిమేరయే కాని ప్రాణమునకు పొలిమేర కాదు. ఇందు శ్రమ గలదు కాని యధర్మము లేదు.

దేశముల నడుమనున్న పొలిమేరల విషయ మట్లు కాదు. అచట మూడువిధముల భేదములు కానవచ్చుచున్నవి. ఈ మూటిని కలగలుపుటచేతనే వాదము చిక్కుపడుచున్నది.

మొదటిది ఆచారభేదము. అమెరికాలో కొన్నియేండ్లుండి స్వదేశమునకు తిరిగివచ్చు తెలుగువాడు తన కారును వెంట తెచ్చుకొన దలచెననుకొందము. అచటి కారునకు చక్రము ఎడమప్రక్క నుండును. ఏలయన వారు త్రోవకు కుడివైపున నడుపుదురు. మనదేశపు దిగుమతి నియమములు చక్రము కుడిప్రక్కనే యుండవలెననియు, వేగము కిలోమీటర్లలో చూపవలెననియు, ఎడమవైపు నడకకు తగినట్లు ముందుదీపముల వెలుగు పడవలెననియు కోరుచున్నవి. వాడిన కారైనచో తయారై మూడేండ్లకు మించరాదు. కావున నాతని కారు నిచటికి తేవీలులేదు. ఇటనుండి యటు పోవువానికిని ఆటంకము గలదు: అమెరికా ప్రమాణములకు తగినట్లు చేయని విదేశపు కారును, 25 ఏండ్లు నిండనిచో, తగిన మార్పులు చేయింపక యచటికి దిగుమతి చేసికొనరాదు, ఇది 1988లో చేసిన చట్టము. ఈ నిషేధములు సొంతదారునకు నష్టము కలిగించును. అయినను ఎదుటినుండి వచ్చువాని కన్నులలో వెలుగు కొట్టు దీపములను, ముందు బండిని దాటబోవునప్పుడు త్రోవ కనబడని యాసనమును మన రస్తాలమీదికి రానీయకుండుట తప్పెట్లగును? కుడిత్రోవ మంచిదా, యెడమత్రోవ మంచిదా యని వాదించుట వ్యర్థము. అందరు నొకవైపున నడచుటయే మంచిది.

రెండవది పద్ధతిభేదము. అమెరికాలో 1966వ సంవత్సరపు చట్టమునుబట్టి, తన బండి ప్రమాణముల ననుసరించినదని తయారుచేయువాడే ప్రకటించును. అబద్ధమని తేలినచో ప్రభుత్వము శిక్షించి బండ్లను వెనుకకు రప్పించును. ఐరోపా దేశములు మొదలైనవి 1958లో జినీవాలో కుదిరిన యొడంబడికకు లోబడి, అమ్మకమునకు ముందే అధికారులచే పరీక్ష చేయించి యనుమతి పొందు పద్ధతిని పాటించుచున్నవి. మనదేశమును బండి తీరును పూనా మొదలైనచోట్ల ముందుగా పరీక్షింపించును. 2006లో, ప్రమాణములను పొందుపరచుటకై యేర్పడిన 1998వ సంవత్సరపు వేరొక యొడంబడికలో చేరినది. పరీక్షలలోను భేదము గలదు: అమెరికావారు బెల్టు కట్టని బొమ్మను కూర్చుండబెట్టియు కారును గోడకు కొట్టించి చూతురు, ఐరోపావారు బెల్టు కట్టినట్లే భావింతురు. ఈ భేదములవలన వర్తకమునకు చిక్కులు కలుగుచున్నవి. కాని యుభయులును వెదకుచున్నది ప్రాణరక్షణమే. ఒక్క క్షేత్రమునకే రెండు త్రోవల పోవు యాత్రికులను మనము తప్పుపట్టము గదా.

మూడవది మూల్యభేదము. ఇదియే మా వ్యాసమునకు ముఖ్యవిషయము. ప్రాణమును కాపాడు ఉపాయము తెలిసియుండియు, చేతనై యుండియు, ఒక దేశమున శాసనము గద్దించుటచే దాని నమర్చి, వేరొక దేశమున శాసనము మౌనముగా నుండుటచే దానిని తీసివేయుట ఈ తరగతిలోనిది. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అను సంస్థ మనదేశమున నమ్ముడగుచున్న అయిదు చిన్నకార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగమున అడ్డునకు కొట్టించి చూచినది. ఆల్టో 800, నానో, ఫిగో, ఐ10, పోలో అను నీ అయిదింటికిని, పెద్దవారి రక్షణవిషయమున, ఒక్క నక్షత్రమైన రాలేదు. అందు పోలో సంగతి విశేషమైనది. గాలిసంచులు లేని పోలోకు సున్న. రెండు గాలిసంచులుగల పోలోకు నాలుగు నక్షత్రములు. అదే యూరు, అదే పేరు, అదే యేడు. నడుమ భేదము రెండు సంచులు! సంచులు లేనిదానిని కంపెనీవారు వెంటనే యమ్మకమునుండి తొలగించిరి, అది మెచ్చదగినదే. చెన్నైదగ్గర తయారగు క్విడ్ అను కారు 2016 పరీక్షలో సున్నతో మొదలై యొక్క నక్షత్రమునకు ప్రాకినది. అదే పేరుతో బ్రెజిలులో చేసిన కారునకు పంజరము బలపరచి, నాలుగు గాలిసంచు లమర్చిరి. 2017లో నచటి పరీక్షలో దానికి మూడు నక్షత్రములు వచ్చెను. పరీక్షల వివరములు దేశమునకు దేశమునకు కొంత వేరనుట నిజమే. అయినను బలపరచిన పంజరమును, అమర్చిన సంచులును కంటికి కనబడు వస్తువులే గాని లెక్కల మాయ కాదు.

ఇందుకు రెండు సమాధానములు చెప్పబడుచున్నవి. "మేము శాసనమును మీరలేదు" అనునది మొదటిది. నిజమే, కాని శాసనము ధర్మమునకు క్రిందిమెట్టే గాని పైమెట్టు కాదు. తనకు తెలిసిన మందు నొక రోగికిచ్చి, నిర్బంధము లేనందున వేరొక రోగికీయని వైద్యుని మనము సద్వైద్యుడందుమా?

రెండవ సమాధాన మింత తేలికగా త్రోసివేయదగినది కాదు. "మీది బీదదేశము. భద్రత పెంచినకొలది వెల పెరుగును. వెల పెరిగినచో సామాన్యుడు కారు కొనలేక, భార్యను బిడ్డలను ఒక్క స్కూటరుపై నెక్కించుకొని పోవును. తక్కువ కారైనను స్కూటరుకంటె మేలు గదా" యని వారు వాదింతురు. ఇట్టి కుటుంబములను చూచియే నానో కారును తలపెట్టితినని రతన్ టాటాగారు చెప్పియుండిరి. ఈ వాదమునకు బలము గలదు. 2022లో మనదేశమున రస్తాప్రమాదములచే 1,68,491 మంది మరణింపగా, వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్రవాహనములమీద పోయినవారే. బీదవాని కందని మేలును చూపి, అందిన కొద్దిమేలును గూడ లాగివేయు సంస్కర్త బీదవానికి హితుడు కాడు.

అయినను ఈ వాదము మూడుచోట్ల కుంటుపడుచున్నదని మా యభిప్రాయము. వెల తగ్గింపవలసినచో తగ్గింపదగిన వస్తువులు కారులో ననేకములు గలవు. పాటల పెట్టె, మెరుగు పూతలు, రంగుల దీపములు ఉంచి, ప్రాణాధారమును మాత్రము తీసివేయుట మితవ్యయము కాదు. ఇది మొదటిది. బీదవా డపాయమున కొప్పుకొనెనని చెప్పుటకు ముందు, అపాయ మాతనికి తెలిసియుండవలెను. సున్న వచ్చిన సంగతి యమ్మకపు కొట్టులో నెవ్వరును చెప్పనప్పు డాతని సమ్మతి సమ్మతియే కాదు. ఇది రెండవది. వెల కుదిర్చినవాడు గృహస్థుడు; వెనుక కూర్చుండు పసిబిడ్డయు, జీతమునకు నడుపు డ్రైవరును ఆ బేరములో లేరు; వారి ప్రాణమును తగ్గించి కొను హక్కు గృహస్థునకు లేదు. ఇది మూడవది.

శాసనము నెమ్మదిగా నైనను ఈ వాదమును కొంతవరకంగీకరించినది. 2017 అక్టోబరునుండి క్రొత్తతీరు కార్లకును, 2019 అక్టోబరునుండి పాతతీరు కార్లకును ఢీకొట్టి చూచు పరీక్ష విధిగా నేర్పడినది. 2019 జూలైనుండి డ్రైవరునకు గాలిసంచి తప్పనిసరియయ్యెను. 2021లో ప్రక్కన కూర్చుండువానికిని ఆ రక్షణ కలిగెను. ఆరు సంచులుండవలెనని 2022లో నొక ప్రతిపాదన వచ్చెను గాని, 2023లో దానిని విధిగా చేయబోమని ప్రభుత్వము తెలిపినది. ఆ 2023 అక్టోబరునుండియే భారత్ ఎన్‌క్యాప్ అను నక్షత్రపరీక్ష మన దేశమున నారంభమైనది. కాని దానికి కారు నిచ్చుట తయారుచేయువాని యిష్టము. మన పెనుకొండ సంగతియు నిందులకు తార్కాణము. అచటి కర్మాగారమున చేసిన సెల్టోస్ కారునకు 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ మూడు నక్షత్రములే యిచ్చెను. ఆ పేరుగల కారే యంతకు ముందటి యేట ఆస్ట్రేలియా పరీక్షలో అయిదు పొందియుండెను. తరువాత 2022లో కంపెనీవారు సెల్టోస్ అన్ని తరగతులకును ఆరు సంచుల నమర్చిరి. ఏ శాసనమును గద్దింపకయే యిది జరిగినది. అనగా సాధ్యము కానిది కాదు, కొనువా రడుగవలసియుండెను.

ఇక కొనువారమైన మన మాట. ఇంతవరకు పరుల తప్పు లెంచినాము. ఇప్పుడు మన యింటి గడప లోపల చూడవలసియున్నది. మన గృహస్థుడు కారు కొనబోయి మొదట నడుగునది "లీటరునకెన్ని కిలోమీటర్లు వచ్చును?" అని. రెండవది రంగు. మూడవది, పెండ్లిలో నల్లునకిచ్చు కారైనచో, వియ్యపువారి వీధిలో నది యెంత పెద్దదిగా కనబడునని. బెల్టు కట్టుకొనుమని కారు కూయగా, ఆ కూత నాపుటకు బెల్టు లేని యుత్త కొక్కెమును కొని దూర్చుకొను నేర్పు మనలో గలదు. ఆ కొక్కెముల యమ్మకమును 2023లో ప్రభుత్వము నిషేధింపవలసివచ్చెను. ప్రాణరక్షకమును వంచించుటకు సొమ్ము వెచ్చించు జనమునకు రక్షణము తక్కువైనదని వర్తకుని నిందించు నోరెట్లు వచ్చును?

అంతకంటె విచారింపదగినది మరియొకటి గలదు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో నున్న మన బిడ్డలు అచట బెల్టు కట్టుకొనక కారు కదపరు. పసివానిని వానికై యమర్చిన ప్రత్యేకపు కుర్చీలోనే కట్టి కూర్చుండబెట్టుదురు. వారే సెలవులకు వచ్చి గన్నవరమున విమానము దిగి, ఊరికి పోవు కారెక్కినంతనే, ఆ పసివానిని ఒడిలో పెట్టుకొని ముందు కూర్చుందురు. బిడ్డ మారలేదు, తండ్రి మారలేదు, ప్రేమ మారలేదు. మారినది పొలిమేర యొక్కటే. మూల్యభేదము చేయు వర్తకుని తప్పును, ఈ తండ్రి తప్పును జాతిచే నొక్కటియే: అచట శిక్షకు వెరచి చేసినదానిని ఇచట శిక్షాభయము లేనందున మానుట. వర్తకుడు లాభమునకు చేసెను. ఇతడు అలవాటునకు చేసెను. బిడ్డకు మాత్రము భేదము తెలియదు.

దీనికి ప్రత్యుదాహరణము లేకపోలేదు. 1959లో వోల్వో కంపెనీలోని నిల్స్ బోహ్లిన్ అను స్వీడను దేశపు ఇంజనీరు, నేడు మన కార్లలో నున్న మూడుకొనల బెల్టును కల్పించెను. ఆ కల్పనపై కంపెనీవారికి పేటెంటు హక్కుండెను. కాని వారు దానిని తమకే దాచుకొనక, తక్కిన కంపెనీలవారందరు నుపయోగించుకొన నిచ్చిరి. వర్తకులై యుండియు, ప్రాణమును కాపాడు తెలివికి పొలిమేర కట్టరాదని వారు గ్రహించిరి. ఆ బెల్టు పొలిమేర లన్నిటిని దాటి విస్సన్నపేట వీధిలోని కారువరకు వచ్చియున్నది. ఇక మిగిలిన దూర మొక జానెడు: అది భుజమునుండి కొక్కెమువరకు.

కాబట్టి చట్టములు సీమకొక తీరున నుండనిండు. చక్రము కుడినుండినను ఎడమనుండినను కొదువలేదు. కాని కారు కొనబోవు ప్రతి గృహస్థుడును, ఇల్లాలును మైలేజీ నడుగుటకు ముందు "దీనికి నక్షత్రము లెన్ని? గాలిసంచు లెన్ని? ఎగుమతి యగు కారునకును దీనికిని భేదమేమి?" అని యడుగవలెను. జవాబు చెప్పని కొట్టును విడిచి రావలెను. బండి యెక్కినవెనుక వెనుక కూర్చున్నవారితో గూడ బెల్టు కట్టుకొనవలెను. అడుగువారు పదిమందియైనచో వర్తకుడు నవ్వును. పదివేలమందియైనచో కర్మాగారము మార్చుకొనును. శాసనము వచ్చువరకు వేచియుండుట బ్రతికియున్నవారు చేయగలిగినది. ఈ యేడు రస్తామీద పోవువారికి వేచియుండు వ్యవధి లేదు.