జీతానికి రెండర్థాలు

జీతం అనే మాటకు మా ఇంట్లో రెండర్థాలు. మా నాయిన పటేలింట్ల జీతమున్నడు. తాత చేసిన అప్పు కింద చిన్నప్పుడే పసులకాడ కుదిరిండు. ఏడాదికిన్ని వడ్లు, అంతే. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. నాయినకు ఆ సంగతి చెప్పినోడు లేడు. రెండో జీతం నాది, ఒకటో తారీకున సంతకం పెట్టి తీసుకున్నది.

అందుకే ఉద్యోగం కోసం కొట్లాడే మన పిల్లల్ని ‘కెరీరిస్టులు’ అని ఎక్కిరిస్తే నాకు రుచించదు. భూమి ఉన్నోడికి ఉద్యోగం అదనం. మనకు అదే ఎకరం, అదే బావి, అదే పరపతి. నెలజీతం చేతికొచ్చినంకనే దొర గడి ముందు చెప్పులు విడవకుండా నడిచినం. అది చిన్న గెలుపు కాదు.

అయితే ఆ తర్వాతి గెలుపును ఎవరి కొలతతో కొలవాలె? ఎన్ని ప్రమోషన్లు, ఏ కుర్చీ అన్నది ఆఫీసు కొలత. ఆ లెక్కన నేను ఓడినోణ్ణే. ముప్పై ఏండ్లు చేసి సీనియర్ అసిస్టెంటుగానే రిటైరయిన. కాని పన్నెండేండ్లు రోస్టర్ రిజిస్టర్ నా చేతిలో ఉన్నది. ఎస్సీలకు 15 శాతం. నూరు పాయింట్లలో ఏది ఎవరిదో ముందే రాసి ఉంటది. మన హక్కును చంపడానికి చట్టం మార్చే పనిలేదు. ‘అర్హులు దొరకలేదు’ అని ఒక్క ముక్క రాసి, ఆ ఖాళీని మరుసటి ఏడాదికి ఎత్తి రాయకపోతే చాలు. నేను ఏటేటా ఎత్తి రాసిన. “నీకెందుకయ్యా ఈ గొడవ?” అన్నడు పై అధికారి. ఆ పాయింట్ల మీద తొమ్మిదిమంది వచ్చిండ్రు. వాళ్లకు నా పేరు తెలువది, తెలువనక్కర కూడా లేదు. అది వాళ్ల హక్కు, నా దయ కాదు. నా సర్వీసు పుస్తకంలో మాత్రం ఈ పనికి గడి లేదు.

కెరీర్ కొలతతో చూస్తే బాబాసాహెబ్ ఏమైతడు? హిందూ కోడ్ బిల్లును అటకెక్కించినంక 1951లో కేంద్రమంత్రి పదవి వదిలేసిండు. 1952లో బొంబాయిలో, 1954లో భండారాలో లోక్‌సభకు నిలబడి ఓడిండు. ఆయన్ను కొలవలేకపోతే లోపం కొలతదే.

‘సమాజానికి తిరిగియ్యాలె’ అని మనవాళ్లను అడుగుతం. అడగాల్సిందే. 1956 మార్చిలో ఆగ్రా సభలో ఆయన బాధపడ్డది చదువుకున్నోళ్ల గురించే. కాని అగ్రకుల అధికారిని ఈ మాట ఎవరూ అడగరు. తనవాళ్లకు అడగకుండనే ఇస్తుంటడు గనుక. మన పిల్లగాని జీతం మీద ఇంటి అప్పు, చెల్లె పెండ్లి, అమ్మ మందులు అన్నీ ఉంటయి. ప్రతివాణ్ణీ నాయకుడివి కమ్మనడం న్యాయం కాదు. నీ చేతి మీదుగా పోయేదాన్ని ఏం చేసినవన్నదే అడగాలె. హాస్టల్ పిల్లలకు బియ్యం తూకం తగ్గకుండా చూసిన వార్డెన్, వెనక బెంచీ పిల్లను ముందుకు పిలిచిన టీచర్, కులమడగకుండా చెయ్యి పట్టుకున్న నర్సు గెలిచినోళ్లే.

ఇయ్యాల రెగ్యులర్ కొలువులు పోయి ఔట్‌సోర్సింగ్ వచ్చిన చోటల్లా ఎత్తి రాయాల్సిన ఖాళీలే కనబడకుండా పోతున్నయి. ప్రైవేటు కంపెనీల్లోనైతే రోస్టరే లేదు. అక్కడ చేరే తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఈ లెక్క అడగడానికి కొత్త రిజిస్టర్ తెరవాల్సిందే. ఆ పనికి ప్రమోషన్ రాదని ముందే చెప్తున్న.