మనసు లేని పఠనం కపటమా?

మా విచారణలో ఒక దర్జీ ఉన్నాడు. నడివయసులో సత్యోపదేశం విని, కిందటేడు పాస్కా జాగరణ రాత్రి జ్ఞానస్నానం పొందాడు. ఆ రాత్రి అతని చేతికి బైబిలు అందించింది నేనే. తర్వాత కొన్ని నెలలకు అతనిలో ఒక మార్పు కనిపించింది. ఆదివారం పూజలో వెనకాల నిలబడి, ఆఖరి దీవెన కాగానే వెళ్లిపోయేవాడు. నన్ను తప్పించుకు తిరుగుతున్నాడని అర్థమై, ఒక సాయంత్రం నేనే అతని దుకాణానికి వెళ్లాను.

"స్వామీ, ఆదికాండము నుండి మొదలుపెట్టాను. కథలు ఉన్నంతవరకు బాగానే సాగింది. లేవీయకాండము దగ్గర ఆగిపోయాను. కళ్లు అక్షరాల మీద ఉంటాయి, మనసు బాకీల మీద ఉంటుంది. ఇష్టం లేకుండా చదివితే దేవుణ్ణి మోసం చేసినట్టు కాదా? అందుకే మానేశాను. మానేశాక మీ మొహం చూడలేకపోయాను."

ఇది చిన్న ప్రశ్న కాదు. నోటితో గౌరవించి హృదయాన్ని దూరంగా ఉంచుకునే వారిని ప్రభువే గద్దించారు. మరి మనసు లేని పఠనం కపటం కాదా?

కపటమంటే ఏమిటో ముందు తేల్చుకుందాం. లేనిదాన్ని ఉన్నట్టు ఇతరులకు చూపించి మెప్పు పొందడం కపటం. తెల్లవారుజామున ఎవరూ చూడనిచోట కూర్చుని, అర్థం కాని పేజీతో కుస్తీపట్టే మనిషి ఎవరికి ఏం చూపిస్తున్నాడు? అర్ధరాత్రి బిడ్డ ఏడిస్తే తల్లి లేస్తుంది. ఆ క్షణంలో ఆమెకు నిద్ర తప్ప మరే కోరికా ఉండదు. అయినా లేస్తుంది. ఆమె ప్రేమ కపటమని అంటామా? అసలు ప్రేమంటే అదేనంటాం. అనుభూతి వస్తుంది, పోతుంది. మాట నిలబెట్టుకునేది సంకల్పం.

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో అరిస్టాటిల్ చెప్పిన ఒక విషయం నాకు పట్టుబడలేదు. ఇళ్లు కట్టగా కట్టగా మేస్త్రీ అయినట్టే, న్యాయమైన పనులు చేయగా చేయగా మనిషి న్యాయవంతుడవుతాడని ఆయన బోధ. న్యాయవంతుడు కానివాడు న్యాయమైన పని ఎలా చేస్తాడన్న ప్రశ్నను కూడా ఆయనే వేసుకున్నాడు. ఆ సంగతి దర్జీతో అంటే అతను నవ్వాడు. "మా పనీ అంతే స్వామీ. చేరిన కొత్తలో ఆరు నెలలు కాజాలు, గుండీలే కుట్టించారు. కత్తెర ముట్టుకోనివ్వలేదు. విసుగొచ్చేది. కానీ చెయ్యి కుదిరింది అప్పుడే." నాకు ఏళ్లు పట్టిన పాఠం అతనికి చేతుల్లోనే ఉంది.

అయితే ఒక తేడా మరువరాదు. విశ్వాసం మన అలవాటు వల్ల పుట్టదు, అది దేవుని వరం. పునీత తోమాసు అక్వినాసు ఈ తేడాను శ్రద్ధగా వివరించారు. అలవాటు చేసేది వాకిలి తెరిచి ఉంచడం మాత్రమే. అతిథి ఏ ఘడియలో వస్తాడో మనకు తెలియదు.

నా సంగతీ చెప్పాలి. మా గురువుల ప్రార్థనలో ప్రతి బుధవారం రాత్రి 130వ కీర్తన వస్తుంది. ఎన్ని వందలసార్లు నిద్రకళ్లతో, పెదవులతో మాత్రమే చదివానో! మా అమ్మ చనిపోయిన రాత్రి ప్రార్థించడానికి నాకు ఒక్క మాటా రాలేదు. అప్పుడు ఆ కీర్తనే తనంతట తాను నోటికి వచ్చింది. మనసు లేకుండా దాచుకున్నది, మనసు విరిగిన రోజున అక్కరకొచ్చింది.

దర్జీకి మరో సంగతి చెప్పాను. 386లో మనసు మార్చుకున్న అగుస్తీను, జ్ఞానస్నానానికి సిద్ధపడుతూ ఏ గ్రంథం చదవమంటారని మిలాను మేత్రాణులు పునీత అంబ్రోసును అడిగారు. యెషయా ప్రవక్తను చదవమన్నారు ఆయన. అగుస్తీను మొదలుపెట్టారు, మొదటి భాగమే అర్థం కాలేదు. దేవుని మాటల్లో మరింత అలవాటు కుదిరాక చదువుదామని పక్కన పెట్టారు. ఈ సంగతిని ఆయనే తన ఆత్మకథలో దాచకుండా రాశారు. ఆ రోజుల్లోనే కీర్తనలు ఆయన హృదయాన్ని మండించాయి. 387 పాస్కాకు జ్ఞానస్నానం పొందారు. అంతటి మేధావికే ఒక పుస్తకం కొరుకుడు పడలేదు! కానీ ఆయన పక్కన పెట్టింది ఆ పుస్తకాన్నే, దేవుని వాక్కును కాదు.

అందుకని కొత్త విశ్వాసులకు నా సలహా ఇది. మార్కు సువార్తతో ఆరంభించండి. 16 అధ్యాయాలే. రోజుకొకటి చదివితే 16 రోజులు. పిమ్మట అపోస్తలుల కార్యములు. దుకాణం తెరవకముందో, పొయ్యి వెలిగించకముందో, ఒకే వేళ, ఒకే చోట. ఒక మాటను రోజంతా వెంట తీసుకుపోండి. ఒకరోజు తప్పితే మర్నాడు రెండు అధ్యాయాల జరిమానా వేసుకోవద్దు, ఆ రోజుది చదవండి, చాలు. అర్థం కాకపోతే అడగండి. రథంలో యెషయాను చదువుతున్న ఇతియోపియా అధికారి, విప్పి చెప్పేవారు లేనిదే ఎలా తెలుస్తుందని ఫిలిప్పును అడగడానికి సిగ్గుపడలేదు.

ఇక పుట్టు క్రైస్తవులమైన మన మాట. 1965లో రెండవ వాటికన్ మహాసభ, విశ్వాసులందరూ పవిత్ర గ్రంథాన్ని తరచుగా చదవాలని, చదువుతోపాటు ప్రార్థన ఉండాలని కోరింది. మన ఇళ్లలో పెళ్లినాటి బైబిలు అట్ట నలగకుండా పటాల పక్కన భద్రంగా ఉంది. ఆ దర్జీ చదవలేకపోయానని ఆరు నెలలు కుమిలాడు. చదవనందుకు మనం ఒక్కపూటైనా కుమిలామా? చదువురాని అవ్వ ఇంట్లో ఉంటే, బడికెళ్లే మనవడు రాత్రి అన్నం ముందు పది వచనాలు పైకి చదవవచ్చు. విశ్వాసం వినికిడి వల్లనే కలుగుతుందని పౌలు బోధించలేదా?

మొన్న దర్జీ పూజ అయ్యాక నాకోసం ఆగాడు. మార్కు తొమ్మిదో అధ్యాయానికి వచ్చాడట. జబ్బు బిడ్డను తెచ్చిన తండ్రి ఒకే ఊపిరిలో, నమ్ముతున్నానంటాడు, నమ్మలేకపోతున్నాను ఆదుకోమంటాడు. "స్వామీ, అది నా మాటే. నాకంటే ముందే అక్కడ రాసి ఉంది" అన్నాడు.

ఆ తండ్రిని ప్రభువు కపటి అనలేదు. బిడ్డను బాగుచేసి ఇచ్చారు.