చిక్కిన మేను - వయసెరుగని జీవుడు

చాలకాలమునకు కనబడిన బంధువును పలకరించుటకు మన ప్రాంతమున రెండు మాటలు కలవు. "ఒళ్లు చేసినావే!" అన్నచో అది మెచ్చుకోలు. "ఏమబ్బా, ఇంత చిక్కిపోతివి?" అన్నచో అది పరామర్శ. కరవుల నెరిగిన రాయలసీమలో కండపట్టిన దేహము కలిమికి గుర్తు; ఎండిన దేహము లేమికో, దిగులునకో, రోగమునకో గుర్తు. తరతరముల అనుభవము ఆ రెండు మాటలలో నిలిచియున్నది. వాని వెనుక నున్నది ప్రేమయే.

కాని కాలము మారినది. మధుమేహము, రక్తపుపోటు, మోకాళ్ల నొప్పులు నేడు పల్లెలకు కూడ ప్రాకినవి. బరువు తగ్గవలెనని వైద్యులు చెప్పుచున్నారు. ఏబదియేండ్లు దాటిన గృహస్థుడొకడు నోరు కట్టుకొని, వేకువనే లేచి నడచి, ఏడాదిలో పదిహేను కిలోలు తగ్గినాడనుకొందము. రక్తములోని చక్కెర అదుపునకు వచ్చినది. ఆ సంతోషముతో నొక పెండ్లికి పోగా అచ్చట నలుగురును "ఏంది మామా, పదేండ్లు పైబడినట్లుండావే!" అందురు. ఇంటికి వచ్చి అద్దము చూచుకొనును. చెంపలు లోపలికి పోయినవి. గడ్డము క్రింద చర్మము జారినది. అంతటితో మనసు కుంగును. ఇట్టి మాటలకు లొంగి, ఆరోగ్యమునిచ్చిన నియమమునే విడుచువారు లేకపోలేదు.

ఇచ్చట రెండు ప్రశ్నలు పుట్టుచున్నవి. బరువు తగ్గినవాడు నిజముగా ముసలివాడైనాడా? ముసలివానివలె కనబడుటయే ఒక నష్టమా? మొదటి ప్రశ్నకు శరీరశాస్త్రము బదులు చెప్పగలదు. రెండవది మన వివేకము తేల్చుకొనవలసినది.

మన పెద్దలు ఈ కాయమునకు పెట్టిన పేర్లలోనే కొంత సమాధానమున్నది. దేహమను మాటకు పెరుగునది, పోగగునది అని వ్యుత్పత్తి. శరీరమను మాటకు శిథిలమగునది అని వ్యుత్పత్తి. ఒకే వస్తువునకు పెరుగుదలనుబట్టి ఒక పేరు, తరుగుదలనుబట్టి ఒక పేరు. పెరుగుట, తరుగుట దీని స్వభావమని పేరు పెట్టిననాడే వారు చెప్పియుంచిరి.

ముఖమున చర్మము క్రింద కొవ్వు మెత్తని దిండ్లవలె వేరువేరు అరలలో అమరియుండును. బుగ్గల నిండుదనము, కన్నుల క్రింది నునుపు వానివలననే కలుగును. వయస్సు మీరుకొలది ఈ దిండ్లు పలుచబడి క్రిందికి జారును. చర్మమునకు బిగువునిచ్చు కొల్లాజెన్, ఎలాస్టిన్ అను పదార్థములు కూడ తగ్గును. మిక్కిలి బరువు తగ్గినవానికి ఈ దిండ్లు వయస్సుతో పనిలేకయే పలుచబడును. యౌవనమందైనచో చర్మము చాలవరకు తిరిగి ముడుచుకొనును. నడివయస్సు దాటినచో వదులుగానే నిలుచును. ఎంత త్వరగా బరువు తగ్గిన, ఈ మార్పు అంత స్ఫుటముగా కనబడును. 2025లో టిర్జెపటైడ్, సెమాగ్లుటైడ్ అను మందులు బరువు తగ్గించు ఇంజెక్షన్లుగా మన దేశపు విపణికి వచ్చిన పిదప ఈ ముచ్చట మరింత వినబడుచున్నది.

దీనిని గూర్చి 2009లో అమెరికాలో ప్రకటింపబడిన పరిశోధన యొకటి కలదు. 186 జతల కవలల ఛాయాచిత్రములు తీసి, ఎవరు పెద్దగా కనబడుచున్నారో ఇతరులచేత అంచనా వేయించిరి. ఒకే రూపుతో, ఒకే దినమున పుట్టినవారే యైనను, నలుబదియేండ్ల లోపు స్త్రీలలో బరువు హెచ్చుగా నున్న కవల పెద్దదానివలె కనబడినది. నలుబది దాటిన పిదప లెక్క తలక్రిందులైనది. ఎత్తుకు తగిన బరువును కొలుచు సూచికలో 4 అంకెలు హెచ్చుగా నున్న కవలయే చిన్నదానివలె కనబడినది. 160 సెంటీమీటర్ల ఎత్తు గలవారికి ఆ 4 అంకెలు అనగా సుమారు 10 కిలోలు. ఇద్దరి జన్మనక్షత్రమొకటే, వయస్సులో ఒక్క దినమైనను తేడా లేదు. మారినది చూచువారి అంచనా మాత్రమే.

ముఖము చెప్పు సాక్ష్యమిది. లోపలి అవయవములు చెప్పు సాక్ష్యము వేరు. 2002లో వెలువడిన అమెరికా అధ్యయనమొకటి మధుమేహము వచ్చు సూచనలున్న మూడువేల మందికి పైగా పరిశీలించినది. శరీరపు బరువులో 7 శాతము తగ్గించుకొనుట, వారమునకు 150 నిమిషములు వ్యాయామము చేయుట లక్ష్యముగా పెట్టుకొనినవారిలో మధుమేహము 58 శాతము తక్కువగా వచ్చినది. మోకాళ్ల సంగతి మన యాత్రికులకు మరింత దగ్గరిది. మోకాటి కీళ్లు అరిగిన స్థూలకాయులను పరీక్షించి 2005లో తేల్చిన విషయమేమనగా, తగ్గిన ఒక్కొక్క కిలోకు, నడకలో వేయు ప్రతి అడుగునను మోకాలిపై భారము సుమారు 4 కిలోలు తగ్గును. అనగా 10 కిలోలు తగ్గినవానికి అడుగడుగునకు 40 కిలోలు. అలిపిరి దారిలో మెట్లు 3,550. ఒక్కొక్క మెట్టునకు ఒక్క అడుగుగా లెక్కించినను, కొండపైకి చేరులోపల ఆ మోకాళ్లకు తప్పిన భారము 1,42,000 కిలోలు. ఇది సమతలమందలి నడక లెక్క. మెట్లెక్కునపుడు మోకాలిపై పడు భారము ఇంకను హెచ్చు. చెంపలు లోపలికి పోయిన ఆ పెద్దమనిషి మోకాళ్ల మిట్టవద్ద కూర్చుండిపోక ముందుకు సాగిపోవునపుడు, అతని వయస్సును ముఖము చెప్పవలెనా, మోకాళ్లు చెప్పవలెనా?

అయినను కన్ను ముఖమునే చూచును. కంటికి తరుగుదల కనబడును గాని, ఆ తరుగుదలకు కారణము కనబడదు. ఇది తెలిసికొనుటకు శ్రీమద్రామాయణమే మనకు దిక్కు. భగవద్రామానుజులు తమ మేనమామయగు తిరుమలనంబి వద్ద ఒక సంవత్సరకాలము ఈ కొండ పాదముననే రామాయణ రహస్యార్థములను గ్రహించిరని మన గురుపరంపర చెప్పుచున్నది. ఆ రామాయణమందు సుందరకాండమున హనుమంతుడు అశోకవనములోని సీతమ్మను తొలిసారి చూచునప్పటికి ఆ తల్లి ఉపవాసములచే చిక్కి శల్యమైయున్నది. మాసిన చీర కట్టియున్నది. ఆమెయే సీతయని నిశ్చయించుకొనుటకు అంతటి బుద్ధిమంతునికిని ఎంతో ఆలోచన పట్టినది. ఆ స్థితిలోనున్న అమ్మవారిని వాల్మీకిమహర్షి చంద్రరేఖతో పోల్చెను.

సన్నని చంద్రరేఖ నెలకు రెండుమారులు కనబడును. అమావాస్యకు ముందు వేకువజామున తూర్పున కనబడునది తరిగిపోవు రేఖ. అమావాస్య దాటిన పిదప సంధ్యవేళ పడమట కనబడునది పెరుగబోవు రేఖ. రెంటి సన్నదనమును ఒకటే. ఏ వేళ, ఏ దిక్కున నున్నదో ఎరిగినవానికే అది తరుగునదో పెరుగునదో తెలియును. మహర్షి ఎన్నుకొన్నది శుక్లపక్షారంభమందలి రేఖను. చూచువారికి క్షీణించినట్లున్న ఆ తల్లి, నిజమునకు పూర్ణిమవైపు నడచుచున్నదని ఆయన ఎరుగును. నందిగ్రామమున నారచీరలు దాల్చి చిక్కియున్న భరతుని కథయు నిట్టిదే. ఆ కృశత్వము వార్ధకము కాదు, పదునాలుగేండ్ల వ్రతనిష్ఠ.

ఐనచో కృశత్వమంతయు శుక్లపక్షమే యని భ్రమపడరాదు. ధాత సంవత్సరపు కరవని పెద్దలు చెప్పుకొను 1876-78 నాటి మహాక్షామము మన సీమను కాల్చివేసినది. తీవ్రమైన ఆకలికి గురియైన పసిబిడ్డ ముఖము ముదుసలి ముఖమువలె నగునని వైద్యగ్రంథములు చెప్పుచున్నవి. అట్టి బిడ్డను చూచి వయస్సు లెక్కించువాడుండడు, కావలసినది అన్నము. నేడును, ఏ ప్రయత్నమును చేయకయే ఆరు నెలలు మొదలు ఏడాదిలోపల బరువులో 5 శాతము తగ్గినవారు, ముఖ్యముగా పెద్దలు, వైద్యునికి చూపించుకొనవలెను. అది క్షయ, మధుమేహము మొదలగు వ్యాధుల సూచన కావచ్చును. బరువు తగ్గించుకొనువారును తొందరపడినచో కొవ్వుతోపాటు కండయు కరగును. కండ కరగుట ముఖమునకు సంబంధించిన విషయము కాదు. పెద్దవయస్సున అది నిజమైన బలహీనత. కనుకనే పప్పు, పాలు, పెరుగు విడువక, కండలకు పని చెప్పుచు, మెల్లగా తగ్గుట మేలు. అతిగా తినువానికిని, అసలు తినకుండువానికిని యోగము సిద్ధింపదని గీతలో ఆరవ అధ్యాయమున స్వామి హెచ్చరించెను. దంభముతో శరీరమును పీడించువారు లోపలనున్న తననే పీడించుచున్నారని పదునేడవ అధ్యాయమున మరల చెప్పెను. చక్కెర తగ్గించు మందులు వాడువారు ఏకాదశినాడు ఉపవసింపగోరినచో ముందుగా వైద్యుని సలహా పొందుట ఈ ఉపదేశమునకు విరుద్ధము కాదు, అనుకూలమే.

ఇక రెండవ ప్రశ్న. ముసలివానివలె కనబడుట నష్టమా? "ఆత్మకు వయస్సు లేదు గనుక ముఖమును గూర్చి చింతింపకుము" అని ఒక్క మాటతో తేల్చివేయుట సులభము. కాని అది కనికరము లేని మాట. ముఖమునుబట్టియే మనవారు మనలను గుర్తింతురు. అద్దములో కొత్తముఖము కనబడినపుడు కలుగు దిగులు ఒట్టి అలంకారాపేక్ష కాదు. తనవారికి తాను పరాయియైపోవుదునేమో యను భయము. ఆ భయమును ఎగతాళి చేయరాదు. దానికి తగిన ఊరట వెదకవలెను.

శరీరమనగా నేమి అను ప్రశ్నకు శ్రీభాష్యమున రామానుజులు రూపమునుబట్టి గాని, వయస్సునుబట్టి గాని లక్షణము చెప్పలేదు. చేతనునిచే ధరింపబడుచు, నియమింపబడుచు, అతనికే శేషమైయుండునది శరీరమని నిర్ణయించిరి. అనగా దీని విలువ ఇది ఎట్లు కనబడుచున్నదను దానిలో లేదు. ఎవరికి ఉపకరించుచున్నదను దానిలో నున్నది. జీవునికి శరీరమెట్టిదో పరమాత్మకు జీవుడట్టివాడు. కావున దేహము కైంకర్యమునకు పనికివచ్చుచున్నదా అనునదే అసలైన ప్రశ్న.

ఈ సిద్ధాంతము గ్రంథములలోనే మిగిలిపోలేదు. కొండపై కల్యాణకట్టవద్ద దినదినమును ఇది ఆచరణలో కనబడుచున్నది. కేశములు యౌవనమునకు ముఖ్యమైన అలంకారము. స్త్రీలు సైతము వానిని మ్రొక్కుగా సమర్పించి నవ్వుముఖముతో బయటికి వచ్చుచున్నారు. ఆ గుండును చూచి "అయ్యో, రూపు చెడెనే!" అని ఎవరును అనరు. "కొండకు పోయి వచ్చినారా?" అని అడుగుదురు. రూపము మారినది; కారణము తెలిసినది గనుక ఆ మార్పే గౌరవమునకు పాత్రమైనది. నియమముతో తగ్గిన చెంపలను గూడ అట్లే చూడరాదా?

పిలుపును గూర్చియు నొక మాట. చిక్కినవానిని తెలియనివారు "తాతా!" అని పిలిచినచో మనసు చివుక్కుమనును. ఆ మాటయే తిరుమలలో ఎంతటి బిరుదైనదో తలచుకొందము. తిరుమలనంబి స్వామి అభిషేకమునకై పాపవినాశనమునుండి నిత్యము తీర్థము మోసికొని వచ్చెడివారు. ఒకనాడు శ్రీనివాసుడే వేటగాని రూపమున వచ్చి, "తాతా, దాహము!" అని అడిగి, కుండకు బాణముతో రంధ్రము చేసి ఆ నీటిని త్రాగెననియు, పిదప దాపుననే ఆకాశగంగను చూపెననియు సంప్రదాయము. సంస్కృతమున తాత యనగా తండ్రి. తెలుగున తండ్రికి తండ్రి. ఏ యర్థమున తీసికొన్నను, జగత్తునకు తండ్రియైనవాడు ఆయనను పెద్దను చేసి పిలిచినాడు. అధ్యయనోత్సవముల పిదప జరుగు తన్నీరముదు ఉత్సవము నేటికిని ఆ ఘట్టమును మనకు గుర్తుచేయుచున్నది. స్వామి దృష్టి ఆ ముఖపు ముడుతలపై నిలువలేదు. భుజముపైనున్న కుండపై నిలిచినది.

కావున చిక్కిన బంధువు ఎదురైనపుడు వయస్సును అంచనా కట్టక, "ఆరోగ్యము బాగున్నదా?" అని అడుగుదము. అది రోగమైనచో మన తోడు అతనికి అవసరము. ఆకలియైనచో మన అన్నము అవసరము. నియమమైనచో మన మెచ్చుకోలు అవసరము. ఈ మూడింటిలో ఏదియో తెలియకముందే "ముసలివాడవైతివి" అనుట ఎవరికిని ఉపకరింపదు. వినువారును, తనను చూచినవారు దిక్కెరుగక చంద్రరేఖను చూచినారని సరిపెట్టుకొని, మరునాడు వేకువన యథాప్రకారము నడకకు బయలుదేరవలెను. మన మేను నిండినను, చిక్కినను తన సేవకు పనికివచ్చునట్లు ఏడుకొండలవాడు అనుగ్రహించుగాక!